పద్మశ్రీ సిస్టరు కాపాడిన రహస్యం

"రోగి వ్యాధి గర్భగుడిలోని మూలమూర్తి వంటిది. రోగి అనుమతి లేనిదే కట్టుకున్న ఇల్లాలికైనా తలుపు తీయరాదు!"

కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మగవారి వార్డుకు పెద్ద నర్సైన పద్మశ్రీ, శిక్షణ తరగతి ముగించుకొని వచ్చిన ఉదయమే ఈ శాసనాన్ని చాటింది. చిన్న నర్సు శివాని భక్తితో తల ఊపింది.

ఆ మధ్యాహ్నమే శాసనానికి పరీక్ష వచ్చింది. ఎమ్మిగనూరులో మగ్గం మీదనే కళ్లు తిరిగి పడిన సుంకప్పకు చక్కెర వ్యాధి అని తేలింది. అతడు అప్పటికే పద్మశ్రీకి చేతులు జోడించి, "మా ఇంటామెకు మాత్రం చెప్పాకు తల్లీ. తెలిస్తే నన్ను తీపి కండ్లజూడనీదు" అని వేడుకొని ఉన్నాడు.

ఇప్పుడు ఆ ఇల్లాలు ఉరుకుందమ్మ డబ్బా నిండా ఓళిగలతో, అంటే నేతి బొబ్బట్లతో, వచ్చి నిలిచింది. సుంకప్ప చప్పున కళ్లు మూసి నిద్ర నటించాడు. ముక్కు మాత్రం నేతి వాసన వైపు తిరిగింది.

"సిస్టరమ్మా, మా ఆయనకు ఏమైండాది? ఈ ఓళిగలు పెట్టొచ్చునా?"

పద్మశ్రీ గొంతు తగ్గించింది. "నేను చెప్పకూడదమ్మా. ఆయన ఒప్పుకోవాల."

"నన్ను పెండ్లి చేసుకునేకి ఒప్పుకున్నోడు దీనికి ఒప్పుకోడా? పెట్టమంటావా, వద్దంటావా, అదొక్కటి చెప్పు. తిని మల్లా పడితే నేనేం జేసేది?"

పద్మశ్రీ మనసు కరిగింది. నియమం కరగలేదు.

ఉరుకుందమ్మ నిట్టూర్చి, ఓళిగ తుంచి మగని పెదవులకు ఆనించింది. నిద్రపోతున్నవాని నోరు దానంతట అదే తెరుచుకుంది.

ఆ వార్డులో రోగులకు ఇంటిపేర్లు ఉండవు. వచ్చిన జబ్బే ఇంటిపేరు. కామెర్ల వీరభద్ర, మూలశంక గోపన్న అని పిలవడం అక్కడ అనాదిగా వస్తున్న సంప్రదాయం. తెరుచుకున్న ఆ నోటిని పద్మశ్రీ చూసింది. అలవాటైన గొంతు గోపురమంత ఎత్తుకు లేచింది.

"శివానీ, షుగరు సుంకప్ప ఓళిగ తింటాండాడు! ఇన్సులిన్ పట్టుకురా!"

వార్డంతా తలలు తిప్పి చూసింది. ఉరుకుందమ్మ తుంచిన ముక్కను వెనక్కి తీసుకొని డబ్బా మూసింది.

"నువ్వు చెప్పలేదులే తల్లీ" అన్నది మర్యాదగా.

సుంకప్ప ఒక కన్ను తెరిచాడు. "ఒక్క తునక..."

"నిద్రపో."

తరువాత ఆమె కృతజ్ఞతతో ఒక ఓళిగను పద్మశ్రీకి అందించింది. పద్మశ్రీ చేయి ముందుకు సాగి, నడుమనే ఆగింది. అటూ ఇటూ చూసి, మంత్రోపదేశం చేసినట్లు ఆమె చెవిలో చెప్పింది. "నాకూ అదేనమ్మా. ఇంట్లో మా ఆయనకు గూడా తెలీదు. ఎవరికీ చెప్పాకు."

"నేనెందుకు చెప్తానమ్మా" అని ఉరుకుందమ్మ నెత్తి మీద చేయి పెట్టుకొని ఒట్టు వేసింది. ఆపైన రోగులను చూడవచ్చిన చుట్టాలందరికీ ఓళిగలు పంచసాగింది.

వార్డు చివర నుంచి శివాని అడిగింది. "అవ్వా, మా సిస్టరుకు పెట్టలేదేమి?"

ఉరుకుందమ్మ ఈ చివర నుంచి, అందరికీ వినబడేలా, ఎంతో నిష్ఠతో బదులిచ్చింది.

"ఆయమ్మకు షుగరు ఉండాదని నేను చెప్పకూడదమ్మా. ఆయమ్మ ఒప్పుకోలేదు."