బావ కాళ్లు, బావమరిది అంకెలు

ఆగండాగండి, అప్పుడే పేజీ తిప్పెయ్యకండి. ముందు ఈ శుభవార్త వినండి. సైకిల్ పందేలు విసుగు పుట్టిస్తున్నాయన్న ప్రచారంలో రవ్వంత నిజం కూడా లేదని పందేల సంఘం అధికారికంగా తేల్చింది. ఊరికే తేల్చలేదు, కొలిచి తేల్చింది. రోడ్డు పక్కన నిలబడ్డ ప్రేక్షకుల చేతులకు తలా ఒక పట్టీ కట్టి, గుండె కొట్టుకునే వేగాన్ని బట్టి విసుగును లెక్కగట్టింది. పందెం మొదలైనప్పుడు ఎంత ప్రశాంతంగా ఉన్నాయో, ముగిసినప్పుడూ గుండెలన్నీ అంతే ప్రశాంతంగా ఉన్నాయట. "ప్రజారోగ్యానికి ఇంతగా తోడ్పడుతున్న క్రీడ ఇంకొకటి ఉంటే చూపించండి" అని అధ్యక్షులవారు సవాలు విసిరారు. చప్పట్లు మోగాయి. వాటినీ కొలిచారు.

సంగతి తెలిసిన మీకు పవర్ మీటర్ గురించి వేరే చెప్పక్కర్లేదు గానీ, మీ భుజం మీదుగా ఎవరైనా తొంగి చూస్తుంటే వాళ్ల కోసం ఒక్క ముక్క. పెడల్ పక్కన ఇమిడిపోయే చిన్న యంత్రం అది. కాళ్లు ఎంత బలంగా తొక్కుతున్నాయో కొలిచి, హ్యాండిల్ మీది స్క్రీన్‌కి వాట్లలో పంపిస్తుంది. బల్బు మీద రాసి ఉంటాయే, ఆ వాట్లే. ఇది రాకముందు మనుషులు పాపం చీకట్లో తొక్కేవారు. కొండ కనిపించగానే ఒకడికి తిక్క రేగేది, లేచి నిలబడి తొక్కేవాడు. వీడు నిజంగానే పోతాడా, నటిస్తున్నాడా అని వెనకవాళ్లు తల పట్టుకునేవారు. పందెం తనదే అనుకున్నవాడు చివరి మలుపులో తోటకూర కాడలా వాలిపోయేవాడు. ఎవరూ లెక్కలోకి తీసుకోనివాడు గెలిచి కూర్చునేవాడు. ఎంత అనాగరికం!

ఇప్పుడు ఆ అవస్థ లేదు. ఎవరి అంకె వాళ్లకుంది. అంకె దాటితే స్క్రీన్ ఎర్రబడుతుంది, ఎర్రబడితే తగ్గాలి. ఎవడైనా ఆవేశపడి ముందుకు దూకితే మిగతావాళ్లు వాడి అంకె చూసి "వస్తాడులే" అనుకుంటారు. వాడూ తన అంకె చూసుకుని బుద్ధిగా వచ్చేస్తాడు. గెలిచేదెవరో పొద్దున టిఫిన్ల దగ్గరే తేలిపోతుంది కాబట్టి, మధ్యాహ్నం అందరూ కలిసి ఆ నిర్ణయాన్ని రోడ్డు మీద అమలు చేస్తారు. అందరి అంకెలూ అందరికీ తెలియాలని నియమం. అందుకని దారి పొడవునా పెద్ద బోర్డులు పెట్టారు. ప్రేక్షకులు రోడ్డుకి వీపు పెట్టి ఆ బోర్డుల్నే చూస్తారు. వెనక ఏదో సర్రుమని పోతుంది. పందెం అయ్యుంటుంది.

ఇంత చేసినా సంఘానికి ఒక లోటు మిగిలింది. జనం ఇంకా "వాడిలో దమ్ముందిరా" అంటున్నారు. దమ్ము అంటే ఏమిటి? ఊపిరా, ధైర్యమా, మొండితనమా? ఎక్కడుంటుంది? ఎన్ని వాట్లు? నిపుణులు ఆరా తీసి, అది కొలతకు లొంగడం లేదు కనుక లేదని నిర్ధారించారు. పందెం జరిగే ఆవరణలో ఆ మాట వాడరాదని ఉత్తర్వు వెలువడింది.

ఇక మన కథలో ఇద్దరే ఆటగాళ్లు. ఒకే జట్టు. బావ, బావమరిది. బావమరిది నాయకుడు, ఎందుకంటే అతని అంకె పెద్దది. బావ పని అతనికి నీళ్ల సీసాలు అందించడం, ముందు తొక్కుతూ ఎదురుగాలి తను తినడం. అక్కను చేసుకున్న పాపానికి తమ్ముడికి గొడుగయ్యాడని జట్టంతా నవ్వేది. "కట్నం ఏమీ తీసుకోలేదురా, గాలి మాత్రం పుచ్చుకున్నా" అని బావా నవ్వేవాడు. ఇన్నేళ్లలో బావ ఒక్క పందెమూ గెలవలేదు. ఇప్పుడు అంకె కూడా తగ్గుతోంది. ఈ సీజన్‌తో సరి అని జట్టు మేనేజర్ చెప్పేశాడు. ఆ సీజన్‌లో ఆఖరి పందెం, పందెంలో ఆఖరి వీధి, ఆ వీధిలో బావ ఇల్లు. గెలుపు గీత సరిగ్గా వాళ్ల బాల్కనీ కింద గీశారు.

"సార్, ఒక్కసారి" అన్నాడు బావ, ముందురోజు మేనేజర్ గదిలో చేతులు నలుపుకుంటూ. "గెలుస్తానని కాదు. మా వీధిలోకి మొదట నేను వస్తాను. ఇంట్లోవాళ్లు చూస్తారు. తర్వాత మావాడినే ముందుకు పంపేస్తా."

మేనేజర్ కరిగిపోయాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, స్క్రీన్ చూశాడు. "చూడవయ్యా, నాకూ మనసుంది. నీ అంకెకే లేదు."

పందెం నాటి పొద్దున జట్టుకి కొత్త స్క్రీన్లు వచ్చాయి. మీటరు ఊరవతల ఉన్నా అంకె అందుకుంటాయని అమ్మినవాళ్ల గొప్ప. రెండు సైకిళ్లూ వ్యాను పక్కన వియ్యంకుల్లా భుజాలు రాసుకుని నిలబడ్డాయి. స్క్రీన్ వెలిగించగానే ఒక ప్రశ్న వచ్చింది: "దగ్గర్లో ఒక మీటరు కనిపించింది. ఇది మీదేనా?" కింద దాని నంబరు. బావ బూటు లేసు కట్టుకుంటూ ‘అవును’ నొక్కాడు. బావమరిది అరటిపండు నములుతూ ‘అవును’ నొక్కాడు. స్క్రీన్ అడిగిన ప్రశ్నను చదివి జవాబిచ్చేంత తీరిక ఈ రోజుల్లో ఎవరికుంది చెప్పండి? అలా బావ మీటరు బావమరిది స్క్రీన్‌కి, బావమరిది మీటరు బావ స్క్రీన్‌కి కుదిరిపోయాయి. జాతకాలు చూడని పెళ్లిలాగ.

ఊరి ముందు కొండ మొదలయ్యేదాకా ఎవరికీ తేడా తెలియలేదు. కొండ మీద బావ ముందు, బావమరిది అతని నీడలో. బావ తొడలు మండుతున్నాయి. స్క్రీన్ చూస్తే షికారుకెళ్లినవాడి అంకె. చెవిలో పెట్టుకున్న రేడియోలో మేనేజర్ గొంతు: "ఏమయ్యా, పార్కులో నడుస్తున్నావా? తొక్కు!" కాళ్లు అబద్ధం చెబుతున్నాయి కాబోలనుకుని బావ ఇంకాస్త తొక్కాడు. వెనక బావమరిది స్క్రీన్ ఎర్రబడింది.

"బావా, నా పని అయిపోయింది" అని అరిచాడు బావమరిది.

"అయిపోవడమేంట్రా, ఈల వేస్తున్నావుగా ఇందాకటి దాకా! ఆయాసమొస్తోందా?"

"రావట్లేదు బావా. అదే భయంగా ఉంది."

"కాళ్లు లాగుతున్నాయా?"

"హాయిగా ఉన్నాయి. నా అంకె చూస్తే నువ్విలా మాట్లాడవు!"

చెవిలో మేనేజర్ కూడా నాయకుణ్ణి తగ్గమన్నాడు. నాయకుడు తగ్గాడు. అతను తగ్గగానే బావ స్క్రీన్‌లో అంకె ఇంకా పడిపోయింది. మేనేజర్ బావను తిట్టాడు. తిట్టగానే బావ ఇంకా తొక్కాడు. తొక్కగానే బావమరిది స్క్రీన్ నిప్పుకణికైంది. బావమరిది హడలిపోయి ఇంకా తగ్గాడు. ఇలా ఒకడి భయం ఇంకొకడికి బలమై, ఇంకొకడి బలం మొదటివాడికి జబ్బై, చివరికి బావమరిది సైకిలు దిగి గట్టు మీద కూలబడ్డాడు. దిగినా అంకె తగ్గలేదు. డాక్టరు పరుగున వచ్చి నాడి చూశాడు. నాడి బాగానే ఉంది. స్క్రీన్ చూశాడు. గుండెలు బాదుకుని స్ట్రెచర్ తెమ్మన్నాడు.

ఆ సమయానికి బోర్డుల మీద కనిపించినది ఇదీ: బావమరిది ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ తొక్కనంత తొక్కుతున్నాడు, పడుకుని. అందరికన్నా ముందున్న బావ సున్నా తొక్కుతున్నాడు.

వెనక జట్ల మేనేజర్లు ఆ సున్నా చూసి నిశ్చింతగా కారు సీట్లు వెనక్కి వాల్చారు. "తరమక్కర్లేదు. సున్నాలో ఉన్నాడు. వాడే ఆగిపోతాడు." బావ ఆగలేదు. "వస్తాడులే" అన్నారు. బావ వెళ్లాడు, రాలేదు.

వీధి మొగలో అతను కనిపించేసరికి జనం బోర్డులకేసి ఉన్నారు. బోర్డు సున్నా అంటోంది, వెనక గొలుసు చప్పుడు వినిపిస్తోంది. మొదట ఒక ముసలాయన తల తిప్పాడు. తర్వాత వీధంతా తిప్పింది. మనిషి! తల వేలాడేసి, నోరు తెరిచి, చొక్కా తడిసి, అడ్డదిడ్డంగా వస్తున్న మనిషి! అంతలో వెనకవాళ్లకు ఎట్టకేలకు అనుమానం వచ్చింది, మలుపు తిరిగి మందలా మీద పడుతున్నారు. బావ కాళ్లు ఆగిపోబోయాయి. చెవిలో మేనేజర్: "సున్నా! సున్నా! నువ్వసలు తొక్కట్లేదు!"

బాల్కనీ లోంచి వంగి, చేతిలో గరిటెతో, బావ భార్య, అంటే నాయకుడి అక్క, ఉత్తర్వును తుంగలో తొక్కింది. "ఏవండోయ్! కిందికి చూస్తారేం, ఇటు చూడండి! దమ్ముంటే రండి!"

బావ చెవిలోది పీకి పారేశాడు. టోపీ తీసి స్క్రీన్ మీద కప్పాడు. అంతే, ఇంకేం చెప్పను! వీధి వీధంతా అరిచింది. గొంతు లేనివాళ్లు గిన్నెలు కొట్టారు. బావ ముందు చక్రం గీత దాటాక వెనకవాళ్ల చక్రాలు దాటాయి, బెత్తెడు తేడాతో. పక్కింటి లెక్కల మాస్టారు ఏడ్చేశాడు. జనం చేతుల పట్టీలన్నీ ఒక్కసారి ఎర్రగా వెలిగాయి. సంఘం వెంటనే చర్య తీసుకుంది: పట్టీలు పాడయ్యాయని వెనక్కి తెప్పించుకుంది.

విచారణ ఆ సాయంత్రమే. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "సోదరులారా! కళ్లు మోసం చేస్తాయి. అభిమానం మోసం చేస్తుంది. అంకె మోసం చెయ్యదు. ఈయన కొండ దగ్గర్నించి సున్నా తొక్కారు. తొక్కనివాడు రాడు. రానివాడు గెలవడు. కనుక ఈయన ఇంకా రాలేదు."

"ఇక్కడే ఉన్నానండి" అన్నాడు బావ.

"వ్యక్తిగత అభిప్రాయాలు వద్దు. ఎలా వచ్చారో చెప్పగలరా?"

"దమ్ముతో వచ్చానండి."

"ఎన్ని వాట్లు?"

బావమరిది స్ట్రెచర్ మీంచి లేచాడు. "అయ్యా, నేను పడుకుని ఉన్నానండీ! మీటర్లు మారిపోయాయి! ఆ తొక్కుడంతా మా బావది!"

అధ్యక్షులవారు చిరునవ్వు నవ్వారు. "ఇది మీదేనా అని స్క్రీన్ అడిగింది. ఇద్దరూ అవునన్నారు. మీరు మీదే అన్నాక, కాదనడానికి మేమెవరం?"

పతకం బావమరిది మెడలో పడింది. వచ్చే ఏడు అదే అంకె మళ్లీ తొక్కి చూపాలని షరతు. సున్నాకు జట్టులో చోటు లేదని మేనేజర్ బావ చేతిలోంచి జట్టు టోపీ తీసుకున్నాడు.

రాత్రి భోజనాల దగ్గర బావమరిది పతకం తీసి బావ కంచం పక్కన పెట్టాడు. "తీసుకో బావా, నీదే."

"నా అంకె ఒప్పుకోదురా" అని బావ దాన్ని వెనక్కి తోశాడు. "అయినా వచ్చే ఏడు ఆ అంకె ఎలా తొక్కుతావ్?"

"అదే అడుగుదామని... నువ్వు నా సైకిల్లో ఎక్కడైనా పడతావేమో చూద్దామా?"

ఇద్దరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

సంఘం దయలేనిది కాదు. చూసినవాళ్లలో సగం మంది కాదంటే తీర్పు మారుస్తామని, బావను మళ్లీ జట్టులోకి పిలిపిస్తామని మాటిచ్చింది. గెలుపు వీడియో తెరవగానే ఫోన్‌లో ఒక ప్రశ్న వస్తుంది: "మీరు చూసినది అంకెలతో సరిపోలడం లేదు. అంకెలే నిజమని ఒప్పుకుంటున్నారా?" ‘అవును’ నొక్కితే వీడియో వస్తుంది. ‘కాదు’ నొక్కితే కారణం వాట్లలో రాయాలి. వీధిలో గిన్నెలు కొట్టినవాళ్లంతా ఆత్రంగా వీడియో తెరిచారు. లెక్కల మాస్టారు రెండుసార్లు చూసుకుని మళ్లీ ఏడ్చాడు. ‘కాదు’ ఇప్పటికి ఒక్కటే పడింది, బావమరిదిది. కారణం గడిలో "మా బావ" అని రాశాడు. చెల్లదన్నారు.

"నువ్వేం నొక్కావే?" అనడిగాడు బావ.

అక్క ఫోన్ కొంగు చాటుకి తీసుకుంది. "ఏదో అడిగిందండీ... మిమ్మల్ని చూద్దామన్న తొందర్లో అవునన్నాను."

ఇంత చెప్పాక ఆ వీడియో మీకూ చూడాలనే ఉంటుంది. టోపీ కప్పిన స్క్రీను, గరిటె, బెత్తెడు తేడా. తెరవగానే ముందు ఆ ప్రశ్నే వస్తుంది. మీరైతే ఏం నొక్కుతారు?