సరస్సు ఒడ్డున మఖమలు తెర

శనివారం పది గంటల బస్సుకు బయలుదేరడం, మధ్యాహ్నానికి సరస్సు ఒడ్డున గుడారం వేయడం, ఆదివారం సాయంత్రం దాకా ఏ పనీ చేయకుండా నీళ్ళను చూస్తూ కూర్చోవడం. దర్జీ వేసుకున్న పథకంలో ఇంతకు మించి ఏమీ లేదు. ఇందులో చెడిపోవడానికి ఏముందని ఎవరైనా అడగవచ్చు. చెడిపోయే పనులన్నీ ఇంత అమాయకంగానే మొదలవుతాయి.

దర్జీకి ఊళ్ళో మంచి పేరుంది. చెప్పిన రోజుకు బట్టలు చేతిలో పెడతాడు. మిగతా దర్జీలందరూ తెల్లారి లేస్తే అనే "రేపు రండి" అన్న మాట అతని నోట ఏ బేరగాడూ వినలేదు. ఆ మాటను అతను పొదుపుగా ఇంట్లోవాళ్ళ కోసం దాచుకున్నాడు. సరస్సు దగ్గర గుడారంలో పడుకుందామని తొమ్మిదేళ్ళ కూతురికి మూడుసార్లు మాట ఇచ్చాడు. మూడుసార్లూ ఎవరిదో ఒకరి పెళ్ళి కోటు అడ్డం వచ్చింది. నాలుగోసారి చెప్పినప్పుడు ఆ పిల్ల ఎగిరి గంతెయ్యలేదు, అలగలేదు కూడా. "సరే నాన్నా" అని పుస్తకంలో తల దూర్చింది. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల అంత నెమ్మదిగా మాట్లాడేసరికి దర్జీకి భయం వేసింది. ఈసారి తప్పితే కూతురు తన మాట నమ్మడం శాశ్వతంగా మానేస్తుందని అర్థమైంది.

అందుకే గుడారం కూడా తనే కుట్టాడు. ఆ పొద్దున్న దుకాణం తెరిచి, అరలోంచి మూట దించి, భుజాన వేసుకున్నాడు. మోయలేనంత బరువుగా ఉంది. సెలవు అలవాటు లేక అలా అనిపిస్తోంది కాబోలు అనుకున్నాడు.

ఇక్కడ అతని పద్ధతి ఒకటి చెప్పాలి. కుట్టడం పూర్తయిన ప్రతిదాన్నీ తెల్లగుడ్డలో మూటకట్టి, పైన కాగితం గుచ్చుతాడు. ఆ కాగితం మీద పేరు రాయడు. కొలతలు మాత్రమే రాస్తాడు. "మనిషి అబద్ధం ఆడొచ్చుగానీ టేపు ఆడదు" అనేది అతని సిద్ధాంతం. ముప్ఫై ఏళ్ళుగా ఆ సిద్ధాంతానికి తిరుగులేదు. ఎందుకంటే ముప్ఫై ఏళ్ళలో ఇరవై నాలుగడుగుల పొడవు, పద్నాలుగడుగుల వెడల్పు ఉన్న వస్తువులు రెండు ఒకే వారంలో కుట్టవలసిన అవసరం అతనికి రాలేదు.

బస్సు ఎక్కగానే భార్య చెయ్యి చాపింది. ఆవిడ ఆసుపత్రిలో నర్సు.

"ఏమండీ, ఆ ఫోను ఇలా ఇవ్వండి. రేపు సాయంత్రం దాకా ఇది నా పేషెంటు. పూర్తి విశ్రాంతి కావాలి."

ఫోను నోరు నొక్కి చేతిసంచిలో పడేసింది. వెనక సీట్లో అత్తగారు మడత కుర్చీని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆవిడ నేల మీద కూర్చోలేదు.

సరస్సు చూస్తే అవతలి ఒడ్డు కనిపించలేదు. నీళ్ళు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తేల్చుకోలేని పలచటి మంచు. ఒక పడవ కదులుతోందో నిలబడే ఉందో తెలియకుండా ఉంది. ఒడ్డున ఓ పాతిక గుడారాలు. వాటి ముందు మనుషులు వంటలు చేసుకుంటూ, పేకాడుకుంటూ, పిల్లల్ని కేకలేస్తూ తీరిక లేకుండా ఉన్నారు. దర్జీ రెండు చెట్ల మధ్య మంచి చోటు చూసి, మూట దించి, ముడి విప్పాడు.

లోపల ఎర్ర మఖమలు ఉంది. బంగారు రంగు కుచ్చులు, ఇత్తడి రింగులు, మధ్యకు చీలి రెండు వైపులకూ జరగడానికి లాగుడుతాడు.

అది నాటకాల మాస్టారి కొత్త తెర. ఆ రాత్రి తొమ్మిదింటికే మొదటి ప్రదర్శన. నిన్న వాళ్ళ మనిషి వచ్చి కాగితం చూసి పట్టుకుపోయింది గుడారమన్నమాట! మాస్టారు యాభై రెండంగుళాల నడుము ఉన్న మనిషి. కోపం అంతకన్నా రెండంగుళాలు ఎక్కువ. ఇప్పుడు నిజం చెబితే తెరతో సహా వెంటనే తిరుగు బస్సు ఎక్కాలి. నాలుగోసారి.

"ఇది గుడారమా?" అంది భార్య.

"మఖమలు. లోపలికి చలిగాలి రాదు" అన్నాడు దర్జీ, పిచ్చుక వైపు చూడకుండా.

రెండు చెట్లకీ తాడు కట్టి, రింగులు ఎక్కించి, తెర నిలబెట్టాడు. భార్య చుట్టూ తిరిగి చూసింది.

"ఇవతల గోడ ఉంది. సరస్సు వైపు గోడేదండీ?"

"అటు గోడెందుకు? గాలి రావద్దూ?"

నర్సులు అబద్ధాలు చెప్పే రోగుల్ని రోజూ చూస్తారు. ఆవిడ అతని నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

అత్తగారు తెర ముందు కుర్చీ వేసుకుని కునికిపాట్లు పడుతోంది. ఆ దారిన పోతున్న తెల్లటోపీ పెద్దాయన ఆగి, తెరను కిందనుంచి పైదాకా చూశాడు.

"ఎన్నింటికమ్మా?"

ఆవిడ మనసంతా టీ మీద ఉంది. "ఆరింటికన్నారు బాబూ."

"ఎంతమంది?"

"నలుగురమే. అందరం ఇంట్లోవాళ్ళమే."

"ఓహో, కుటుంబ నాటకం!" అని పెద్దాయన వడివడిగా తన గుడారం వైపు నడిచాడు. ఆ మాట నాలుగో మనిషి చెవికి చేరేసరికి కుటుంబ నాటకం కన్నీటి నాటకమైంది. పదో చెవికి, రాజధానిలో నూరు రోజులాడిన నాటకమైంది.

అయిదున్నరకు పచ్చిక మీద చాపలు పడ్డాయి. పేక ముక్కలు మూలకు పోయాయి. కాపలాదారు విజిల్ ఊదుతూ వచ్చాడు.

"ఎవరయ్యా ఇక్కడ ఆట పెట్టింది? పర్మిషనుందా?" అని గద్దించి, జనాన్ని చూసి, గొంతు తగ్గించాడు. "పొట్టివాళ్ళు ముందుకి రండి. ఈ మూల చోటు నాది, ఎవరూ కూర్చోవద్దు."

తెర చీలికలోంచి ఒక కన్నుతో చూసిన దర్జీకి రెండు వందల తలలు కనిపించాయి. ఇక దాచడం అతని వల్ల కాలేదు. భార్యను, కూతుర్ని కూర్చోబెట్టి, మూట మారిందని, మధ్యాహ్నం నుంచీ ఆడినవన్నీ అబద్ధాలని చెప్పేశాడు.

"తెర లేకపోతే పాపం వాళ్ళ ఆట ఆగిపోతుంది. ఆరున్నరకి బస్సుంది. ఇచ్చేసి..." అని ఆగిపోయాడు. రేపు వద్దాం అనబోయి నాలుక కరుచుకున్నాడు.

"అందుకా ఆ మొహం! నేను జ్వరమనుకున్నాను" అంది భార్య, కోపగించుకోవాలో జాలిపడాలో తెలియక.

పిచ్చుక ఏడవలేదు. "సరే నాన్నా" అని, తన బట్టలు ఒక్కొక్కటీ మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంతకన్నా ఏడ్చినా బాగుండేదనుకున్నాడు దర్జీ.

అవతల చప్పట్లు మొదలయ్యాయి. వాళ్ళకైనా నిజం చెబుదామని దర్జీ తెర చీలికలోంచి బయటికి వెళ్ళాడు.

"అయ్యా, అమ్మా, పొరపాటు జరిగింది. ఇక్కడ నాటకం లేదు" అన్నాడు చేతులు జోడించి. జనం పడీ పడీ నవ్వారు. ఇంత సహజంగా నటించేవాణ్ణి చూడలేదని తెల్లటోపీ పెద్దాయన పక్కాయనకు చెప్పాడు.

సరిగ్గా అప్పుడే లోపల భార్య దుప్పటి మడుస్తూ, "అమ్మా, తెర విప్పెయ్యాలి, ఆ తాడు కాస్త చూడు" అంది. తెర అంచున కుర్చీలో ఉన్న అత్తగారు చేతికందిన తాడు లాగింది. అది లాగుడుతాడు. తెర రెండుగా చీలి నెమ్మదిగా పక్కలకు జరిగింది.

చేతిలో దుప్పటితో ఒకావిడ, భుజాన సంచితో ఒక చిన్నపిల్ల, వాళ్ళ వెనక సరస్సు. సూర్యుడు నీటికి జానెడు ఎత్తున ఉన్నాడు. ఆ పలచటి మంచు మొత్తం నారింజ రంగైపోయింది. ఆ కదలని పడవ వెలుగులోకి కొంచెం కొంచెంగా కరిగిపోతోంది. జనం నవ్వు ఆగింది. అందరూ ఏం చూస్తున్నారా అని తల్లీ కూతుళ్ళు వెనక్కి తిరిగి, వాళ్ళూ అలాగే ఉండిపోయారు. దర్జీ కూడా తిరిగాడు. చంటిపిల్లలు సైతం కిక్కురుమనలేదు. ఎంతసేపు గడిచిందో ఎవరికీ తెలియదు, ఎవరూ గడియారం చూడలేదు. సూర్యుడు పూర్తిగా మునిగాక, అదేదో తన బాధ్యత అన్నట్టు అత్తగారు రెండో తాడు లాగి తెర మూసేసింది.

చప్పట్లు సరస్సు మీద దూరంగా పోయాయి.

"రెండు రోజులుగా ఇక్కడే ఉన్నాం, ఇదెక్కడుందయ్యా ఇన్నాళ్ళూ?" అని తెల్లటోపీ పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"పదేళ్ళ డ్యూటీ నాది. ఎప్పుడూ అటు వీపు పెట్టే నిలబడ్డాను" అన్నాడు కాపలాదారు.

అందరి చప్పట్లూ ఆగాక కూడా ఒక జత చేతులు ఆగలేదు. జనాన్ని తోసుకుంటూ, చంకలో తెల్లమూటతో నాటకాల మాస్టారు వచ్చాడు. దర్జీ కళ్ళు మూసుకున్నాడు.

"ఏమయ్యా టైలరుగారూ, పదకొండుసార్లు ఫోను చేశాను! మా హీరోకి గొంతు పోయింది. ఆట వచ్చేవారానికి మార్చాం. తెరకి తొందరేం లేదని చెబుదామంటే ఫోనెత్తరే! మూట విప్పితే గుడారం. పాపం పిల్లతో వెళ్ళారట, ఎక్కడ పడుకుంటారోనని పట్టుకొచ్చాను."

మధ్యాహ్నం నుంచీ దర్జీ మోసిన భయమంతా పనికిమాలినదని తేలింది. మాస్టారు తెర దగ్గరికి వెళ్ళి తడిమి చూశాడు.

"అరెరె, ఇక్కడ కుచ్చు ఊడింది. ఎలాగూ ఉన్నారుగా, ఒక్క కుట్టు వేసెయ్యండి. అయిదు నిమిషాల పని."

దర్జీ చెయ్యి అలవాటుగా కాలరుకు గుచ్చిన సూది మీదికి పోయింది. పిచ్చుక ఆ చేతినే చూస్తోంది. భార్య కూడా చూస్తోంది. చెయ్యి అక్కడే ఒక్క క్షణం ఆగి, కిందికి దిగింది.

"సోమవారం రండి" అన్నాడు దర్జీ.

పిచ్చుక భుజాన ఉన్న సంచి దబ్బున కింద పడింది. పరుగెత్తుకొచ్చి నాన్న నడుము చుట్టేసి, "ఆ గుడారం వద్దు నాన్నా, మనం ఈ తెర వెనకే పడుకుందాం. పొద్దున్న లేవగానే సరస్సు కనబడాలి" అంది గుక్క తిప్పుకోకుండా.

మాస్టారు మాత్రం అనుమానంగా చూశాడు. సోమవారమన్న దర్జీని నమ్మి బాగుపడ్డవాణ్ణి ఆయన జీవితంలో చూడలేదు. తెరను వదిలి కదిలేది లేదని అక్కడే చతికిలబడ్డాడు. ఖాళీగా ఉన్న గుడారం ఆయనకు ఇచ్చారు. నలుగురు పడుకోవడానికని కుట్టిన ఆ గుడారం, మాస్టారు ఒక్కడికే కొలత తీసి కుట్టినట్టు సరిపోయింది.