కాపలా లేని దేశంలో ఒక అయివారు

ఫ్యాక్షన్ లేని ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లకు నడవడం రాదు, కూర్చోవడం రాదు. బస్సెక్కితే కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుంటారు! పులివెందుల బస్సులో ఎవరైనా సరదాపడి కిటికీ పక్కన కూర్చున్నాడంటే, అతను నిన్నగాక మొన్న కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా అయి ఉంటాడు.

నా పేరు గురురాజారావు. సోషల్ టీచర్ని. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె మాది. ఊరి పేరు రాయను. రాస్తే, అందులో ఏ వీధి గురించి రాశావని అడుగుతారు. మాకు పై వీధి, కింది వీధి అని రెండున్నాయి. పై వీధి ఒక పార్టీలో చేరితే కింది వీధి దాని ఎదుటి పార్టీలో చేరుతుంది. ఎన్నికల ముందు పై వీధి పార్టీ మారిందా, తెల్లారేసరికి కింది వీధిలోనూ జెండాలు మారిపోతాయి. రాజకీయ సిద్ధాంతం ఇంత సులువుగా బోధపడే చోటు దేశంలో ఇంకెక్కడైనా ఉందా?

ఆ రోజుల్లో భూటాన్ బడులకు మన దేశం నుంచి టీచర్లను తీసుకునేవారు. అర్జీ పెడితే నాకు ఉద్యోగం వచ్చింది. చలిదేశం కదా అని నా భార్య వైదేహి నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయి, మే నెల ఎండలో స్వెట్టర్ అడిగింది. షాపతను నా వైపు చూసి, సారుకు చలిజ్వరమా అని ఆప్యాయంగా అడిగాడు.

భూటాన్‌లో నన్ను వేసిన ఊరు కొండ మీద ఉంది. బడి ఇంకో కొండ మీద. మధ్యలో లోయ, లోయలో జలగలు. జలగలతో నాకు పేచీ లేదు. అవి అందరి రక్తమూ సమానంగా తాగుతాయి. నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆ దేశంలో రాజుగారున్నారు గానీ పార్టీలు లేవు! ఎవరు ఎవరి మనిషో తెలియకుండా ఎవరికి నమస్కారం పెట్టాలి, ఎవర్ని చూసి పక్క సందులోకి తప్పుకోవాలి? చివరికి అందరికీ నమస్కారం పెట్టడం మొదలుపెట్టాను. అందరూ తిరిగి పెట్టారు. ఇదేదో పెద్ద కుట్రేనని చాలాకాలం అనుమానించాను.

అయితే మా ఊరి శిక్షణ ఊరికే పోలేదు. ఒక ఆదివారం నేనూ, నాతో పనిచేసే కేరళ మాస్టరు కుర్యన్ గారూ అడవిదారిన కొండెక్కుతుంటే మొక్కజొన్న చేలోంచి ఎలుగుబంటి బయటికొచ్చింది. కుర్యన్ గారు చదువుకున్న మనిషి. ఆలోచించారు. ఆలోచించి, కేక పెట్టి, లోయలోకి పరిగెత్తి, ముళ్లపొదలో పడ్డారు. నేను ఆలోచించలేదు. మా ఊళ్లో జీపు చప్పుడు వినిపిస్తే ఏం చేస్తామో అదే చేశాను. దారి పక్క కాలవలో బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టాను. ఎలుగుబంటి నా చెప్పు వాసన చూసి, దాన్ని బట్టి నాది ఏ వర్గమో తేలక కాబోలు, తన దారిన తను పోయింది. ఇప్పుడు చెప్పండి, ఏ ట్రైనింగ్ కాలేజీలో నేర్పుతారు ఈ విద్య?

ఇంకోసారి మాత్రం అదే విద్య నా పరువు తీసింది. పిల్లల్ని వెంటబెట్టుకుని కొండదిగువకు పోతున్నాం. అక్కడ మైదానంలో రెండూళ్ల మగవాళ్లు రెండు గుంపులుగా నిలబడ్డారు. చేతుల్లో విల్లంబులు. ఒక గుంపు రెండో గుంపును తిడుతోంది, వెక్కిరిస్తోంది, ఎగిరెగిరి గంతులేస్తోంది. నాకు విషయం అర్థమైపోయింది. పిల్లలందర్నీ రాతిగోడ చాటున పడుకోబెట్టి, తలలెత్తితే చంపేస్తానని బెదిరించాను.

బాణాలు దూసుకుపోయాయి. కేకలు లేచాయి. కాసేపటికి పాటలు వినిపించాయి. గోడ మీంచి చూస్తే రెండు గుంపులూ కలిసి కూర్చుని అన్నం తింటున్నాయి. అది వాళ్ల ఆటట! తిట్లూ గంతులూ ఆటలో భాగమేనట! పిల్లలు నన్ను చూసి నవ్వారు. ఆ ఊరివాళ్లు నన్ను కూడా కూర్చోబెట్టి మిరపకాయల కూర వడ్డించారు. మిరపకాయనే కూరగాయగా వండుకునే జనం. ఇంత కారం తిని కూడా కొట్టుకోరేమిటా అని నేను వాళ్ల ముఖాలే చూస్తూ కూర్చున్నాను.

కాంట్రాక్టు అయిపోయి ఊరికొచ్చాను. పాత బడిలోనే వేశారు. భూటాన్ అలవాటు కాళ్లకు పట్టుకుంది కదా, తరగతి మొత్తాన్నీ పెన్నా ఒడ్డుకు తీసుకుపోయి, నది రాతిని ఎలా కోస్తుందో చూపిస్తానని ప్రకటించాను. అడవులూ కొండలూ పిల్లలతో తిరిగినవాణ్ని, పక్కనున్న పెన్నా ఒక లెక్కా?

మరుసటిరోజే కింది వీధి పెద్ద నారాయణ ఇంటికొచ్చి, ఎంతో మర్యాదగా, తమ పిల్లల్ని తప్పక తీసుకుపొమ్మన్నాడు. పై వీధి పిల్లలు మాత్రం రాకూడదన్నాడు. అతను వెళ్లాక పై వీధి నుంచి కూడా అంతే మర్యాదగా, కింది వీధి పిల్లలు రాకూడదని కబురు వచ్చింది. నచ్చజెప్పబోయాను. వైదేహి లోపలికి పిలిచి, నచ్చజెప్పడం ఆపమంది.

కాబట్టి నది రెండు రోజులు రాతిని కోసింది. ఒకరోజు పై వీధికి, ఒకరోజు కింది వీధికి. ఒకే పాఠం రెండుసార్లు చెప్పించే భాగ్యం ఫ్యాక్షన్ కాక ఇంకెవరు ప్రసాదిస్తారు?

పై వీధి రోజున మాకు కాపలాగా చిన్నన్న అనే అతను వచ్చాడు. గొర్రెల కాపర్ల ఇంటి మనిషి. మంద అమ్మేసి, పై వీధి పెద్ద దగ్గర జీపులో తిరుగుతున్నాడు. భుజం మీద తువ్వాలు, తువ్వాలు కింద కొడవలి. పిల్లలు నీళ్ల దగ్గరికి పోతే అటు ఒడ్డు చూస్తాడు. నేను పాఠం చెబితే గట్టు చూస్తాడు. పిల్లలు చద్ది తింటుంటే తను తినకుండా నిలబడి, భూటాన్‌లో నాకెవరు కాపలా ఉండేవారని అడిగాడు. ఎవరూ లేరన్నాను. అతని ముఖంలో నిజమైన బాధ కనిపించింది.

“అయితే ఆడ మీకు శానా విలువ తక్కువ, అయివారూ” అన్నాడు.

కాదనలేకపోయాను. చంపాలని ఎవరూ అనుకోని బతుకు, ఏం విలువైన బతుకు?

తిరుగుదారిలో పిల్లల్ని ముందుకు పోనిచ్చి, చిన్నన్న నా పక్కన చేరాడు. ఒకసారి వెనక్కి చూసుకుని గొంతు తగ్గించాడు.

“ఆ దేశంలో మా అట్లాటోల్లకు పని దొరుకుతాదా? నాకు గొర్లు కాసేది బాగా తెలుసు.”

పాఠకులారా, ఫ్యాక్షన్ మేళ్ల గురించి మీకు ఇంత చెప్పానా, అందులో ఒక్కటి కూడా ఆ సాయంత్రం నా నోటికి రాలేదు. అక్కడ గొర్రెలు తక్కువని, ఎక్కువగా జడలబర్రెలుంటాయని, అవి మంచుకొండల మీద మేస్తాయని, చలికి వేళ్లు కొంకర్లు పోతాయని చెప్పాను.

“యావైనా కాస్తా” అన్నాడు చిన్నన్న. “మీరు రాసి అడగండి.”