ఇరవై నాలుగు అట్టలు, ఇరవై మూడు నాణేలు

గురువారం పొద్దున్నే లేచి కళ్ళజోళ్ళ షాపాయన ఆ రోజు పథకాన్ని ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఎనిమిదికి పని మొదలు. పదికి పూర్తి. పదిన్నరకి స్నానం. పదకొండుకి నాణేల సంఘం ప్రెసిడెంటు గారి రాక. ఇంత సులువైన రోజుకి కాగితం ఎందుకని భార్య అడిగితే, "రాసుకుంటే పని తప్పదు" అన్నాడు. షాపుకి సెలవని ముందు రోజే బోర్డు తగిలించి వచ్చాడు.

అతను దాచుకునేవి మామూలు నాణేలు కావు, టంకశాల వాళ్ళు చేసిన పొరపాట్లు. అచ్చు పక్కకి జరిగినవి, రెండుసార్లు పడినవి, అసలు పడనివి, అంచు తెగినవి పదహారు ఉన్నాయి. ఇవి ఎవరికి చూపించినా తెలిసిపోతాయి. మిగతా ఎనిమిదీ ఒకే ఏడాదివి, ఒకే విలువవి, ఒకే ఆకు బొమ్మవి. మామూలు నాణెం మీద ఆ ఆకుకి ఆరు ఈనెలుంటే, వీటిలో ఒకదానికి ఐదే ఉంటాయి. ఇంకోదానికి తొడిమె రవ్వంత వంకర. మరోదానిలో ఏడాది అంకె ఆకుని తగిలీ తగలనట్టు ఉంటుంది. ఈ తేడాలు చూడాలంటే భూతద్దం కావాలి, ఓపిక కావాలి, ఇంట్లో వాళ్ళు పక్క గదిలో ఉండాలి.

ఈ ఇరవై నాలుగూ అతనికి గురువుగారు ఇచ్చినవి. ఆ గురువు గడియారాలు బాగుచేసే పెద్దమనిషి. పోయే ముందు పిలిచి డబ్బా చేతిలో పెట్టాడు. ఒక్కో నాణెమూ ఒక్కో చదరపు అట్ట హోల్డరులో ఉండేది. మడిచిన అట్ట, మధ్యలో గుండ్రటి కిటికీ, కిటికీకి పల్చటి గాజు కాగితం, నాలుగు మూలలా పిన్నులు. పైన చీమ తలకాయంత అక్షరాలతో ఆ నాణెంలో తప్పేమిటో, ఎక్కడ దొరికిందో, ఏ తారీఖునో రాసి ఉండేది. అట్టలు పచ్చబడ్డాయి, పిన్నులు తుప్పు పట్టాయి.

సంఘం ఏటా ప్రదర్శన పెడుతుంది. అందులో ఒక బల్ల కోసం అతను తొమ్మిదేళ్ళుగా దరఖాస్తు పెడుతున్నాడు. తొమ్మిదిసార్లూ ఆ బల్ల పళ్ళ డాక్టరుకి వెళ్ళింది. ఈసారి మాత్రం ప్రెసిడెంటు గారు స్వయంగా వచ్చి చూస్తానన్నారు. బల్ల దొరికినట్టే అనుకుని అతని భార్య రెండు వైపుల చుట్టాలకీ చెప్పేసింది. గురువుగారి పేరు నలుగురూ చదివేలా ఒక్కసారి బల్ల మీద పెడితే చాలని అతని కోరిక. ప్రెసిడెంటు గారి కబురు వచ్చిన రాత్రి సరిగ్గా నిద్ర కూడా పోలేదు.

ఆ నిద్రలేమిలోనే పుట్టింది ఆలోచన. ఈ ముసలి అట్టలతో ప్రదర్శనేమిటి? మరలు బిగించే ప్లాస్టిక్ డబ్బీలు తళతళలాడుతూ వస్తున్నాయి కదా? మర్నాడే బావమరిది రెండు డజన్లు తెచ్చి ఇచ్చాడు.

పద్ధతి చక్కగానే ఉంది. భోజనాల బల్ల మీద ఆరేసి చొప్పున నాలుగు వరసల్లో అట్టలు పరిచాడు. పిన్నులు ఊడదీసి, ప్రతి నాణేన్నీ దాని అట్ట మీదే కూర్చోబెట్టాడు. కిటికీలు మూశాడు. ఫ్యాను కట్టేశాడు. "ఎవరూ బల్ల ముట్టుకోవద్దు" అని ఇంటిల్లిపాదికీ చెప్పాడు.

ఎవరూ ముట్టుకోలేదు. అత్తగారు గుమ్మంలోకి వచ్చి చూశారంతే. అల్లుడి చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. ఆవిడ మనసు ఊరుకోలేదు.

"అయ్యో బాబూ, తడిసి ముద్దయిపోయారు. ఈ ఉక్కలో ఫ్యాను కూడా వేసుకోకుండా ఏం పనండీ?" అంటూ స్విచ్చి నొక్కారు. ఫ్యాను ఐదు మీద ఉంది.

అట్టలు ముందు లేచాయి, నాణేలు తర్వాత దొర్లాయి. అతను రెండు చేతులూ చాచి బల్ల మీద బోర్లా పడ్డాడు గానీ, మనిషి వెడల్పు ఎంతని.

పావుగంట పాటు ఇల్లంతా మోకాళ్ళ మీద నడిచింది. సోఫా కింద, చెప్పుల స్టాండు వెనక, తివాచీ మడతల్లో వెతికితే అట్టలు ఇరవై నాలుగూ దొరికాయి. నాణేలు ఇరవై మూడే దొరికాయి. పదహారు తప్పు నాణేల్ని వాటి అట్టలతో పోల్చుకుని డబ్బీల్లో బిగించడం పది నిమిషాల పని. మిగిలినవి ఎనిమిది అట్టలు, ఏడు ఆకులు. ఆ ఏడింటినీ భద్రంగా ఒక పళ్ళెంలో వేసి, అతను మళ్ళీ సోఫా కింద దూరాడు.

అంతలో వీధి తలుపు తీసుకుని బావమరిది వచ్చాడు, చేతిలో జిగురు సీసాతో.

"లేబుళ్ళు అంటించడానికి కావాలి కదా అని మూల మీద కొట్లో తెచ్చా బావా. జేబులో చిల్లర ఒకటి తగ్గింది, వెళ్తూ చెప్పుల దగ్గర నాణెం ఒకటి పడుంటే తీసుకున్నా."

అతను సోఫా కింద నుంచే అడిగాడు. "ఎలాంటిది?"

"ఆకు బొమ్మది. చెల్లింది కూడాను."

చెల్లదా మరి, ప్రభుత్వం నాణెమే కదా. అతను తల సోఫాకి కొట్టుకుని మరీ బయటికొచ్చి, చెప్పులు లేకుండా మూల మీదకి పరిగెత్తాడు. కిరాణా కొట్టాయన చిల్లర డబ్బా మూత తీసి చూపించాడు. నిండా ఆకులే.

"ఇందులో మాదొకటి ఉంది. తేడా ఉన్నది. డబ్బా ఒక గంట ఇవ్వండి" అన్నాడు అతను ఆయాసపడుతూ.

"డబ్బా ఇస్తే బేరం ఎలా చేసేది సార్? పైగా మీది మీరు తీసుకుంటారు సరే, నాది నాకు తిరిగొచ్చిందని నాకెలా తెలుస్తుంది?" కొట్టాయన షట్టరు దించాడు. "పదండి, నేనూ వస్తా."

ఇంటికొచ్చేసరికి అత్తగారు ఎదురొచ్చారు. పొద్దుటి తప్పు దిద్దుకోవాలని ఆవిడ ఆరాటం. కొట్టాయన చేతిలోంచి డబ్బా అందుకుని, చూసుకోవడానికి వీలుగా ఉంటుందని పళ్ళెంలో ఒంపేశారు.

"అత్తయ్యా" అన్నాడు అతను. "ఆ పళ్ళెంలో ముందే ఏడు ఉన్నాయి."

"ఉంటే ఏం బాబూ, అవీ ఇవీ ఒకటే కదా" అన్నారావిడ.

అక్కడే వచ్చింది చిక్కంతా. అవీ ఇవీ ఒకటే. ఇప్పుడు వెతకాల్సింది ఒకటి కాదు, వందకి పైగా ఉన్న గుట్టలో ఎనిమిది. అతను షాపు సంచి విప్పి తలో భూతద్దం ఇచ్చాడు. ఆకు వైపు పైకి పెట్టాలి, ఈనెలు లెక్కపెట్టాలి, ఆరుంటే ఎడమ పక్కన పడెయ్యాలి అని నేర్పాడు. ఐదుగురూ పళ్ళెం చుట్టూ చేరారు.

"ఏమండీ, దీనికి ఐదే" అంది భార్య.

"అది మురికే, ఈనె దాని కింద కప్పబడిపోయింది."

"దీనికి తొడిమె వంకర బావా."

"నువ్వు వంకరగా పట్టుకున్నావు."

"సార్, దీనికి ఏడున్నాయి."

అత్తగారు ఏది చూసినా రెండుసార్లు అచ్చు పడిందనే అంటున్నారు. ఆవిడ కళ్ళజోడు చేసి ఇచ్చింది తనే కాబట్టి అతను ఏమీ అనలేకపోయాడు.

అరగంట గడిచేసరికి అతనికి ఏ ఆకు చూసినా ఐదు ఈనెలే కనిపించసాగాయి. ఎడమ పక్కన పడేసినవి మళ్ళీ కుడి పక్కకి తెచ్చాడు. కుడి పక్కవి కొట్టాయన ఎడమకి తోశాడు. ఇన్నేళ్ళూ తాను చూసినవన్నీ నిజంగా తేడాలేనా, లేక గురువు రాశాడు కాబట్టి కనిపించాయా అని మొదటిసారి అనుమానం వచ్చింది. స్నానం సంగతి ఎవరికీ గుర్తు లేదు.

పదకొండుకి ఇంకా పది నిమిషాలుండగానే ప్రెసిడెంటు గారు వచ్చేశారు. వెంట పళ్ళ డాక్టరు కూడా ఉన్నాడు, సాక్షిగానట. ప్రెసిడెంటు గారు మితభాషి. డబ్బీల్లో బిగించిన తప్పు నాణేల్ని చూశారు. పక్కన కుప్పగా ఉన్న ఖాళీ అట్టల్ని చూశారు. ఒక తుప్పు పిన్నుని వేలితో ఎత్తారు.

"ఇవి ఎవరు విప్పారు?"

"నేనేనండి. అట్టలు పాతబడ్డాయని."

"పాతబడాలనే కదయ్యా వాటిని దాచేది." ఆయన కుర్చీలో కూర్చున్నారు. "ఇప్పుడు సుత్తీ ఆకురాయీ ఉన్న ప్రతివాడూ తప్పు నాణేలు తయారు చేస్తున్నాడు. మీ గురువు చేతిరాత, ఆ నాటి అట్ట, తుప్పు పట్టి ఊడిరాని పిన్ను, ఇదే మాకు సాక్ష్యం. విప్పిన తర్వాత ఇది ఆయన నాణెమే అని నేనేం చూసి చెప్పను?"

గురువు ముప్పై ఏళ్ళు మూసి ఉంచినదాన్ని తాను ఒక్క పొద్దుట్లో విప్పేశాడు. అదీ గురువుకి పేరు తేవాలని. ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడవలేక కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"మరి ఈ పళ్ళెమేమిటి?" అన్నారు ప్రెసిడెంటు గారు.

భార్య జరిగింది చెప్పింది. ఫ్యాను దగ్గర మొదలుపెట్టి జిగురు సీసా దాకా చెబుతుంటే ఆయన వింటూ, ఊరికే చెయ్యి ఆడక, ఎడమ పక్క గుట్టలోంచి ఒక నాణెం తీసి వేళ్ళ మధ్య తిప్పసాగారు. తిప్పుతున్న చెయ్యి ఆగింది. మళ్ళీ తిప్పారు. మళ్ళీ ఆగింది.

"దీన్ని ఎవరు చూశారు?"

"నేనే చూశానండి, రెండుసార్లు. ఆకుకి ఆరు ఈనెలే. మామూలుది" అన్నాడు అతను.

"వెనక్కి తిప్పారా?"

ఎవరూ తిప్పలేదు. ఆకు వైపే చూడమన్నది అతనే. ఆ నాణేనికి వెనక కూడా ఆకే ఉంది.

పళ్ళ డాక్టరు దాన్ని పుచ్చిపోయిన పన్నుని చూసినట్టు అటూ ఇటూ తిప్పి, రెండు నాణేలు కోసి అతికించారేమోనని అంచు చుట్టూ గోరు పెట్టి గీరాడు. ఎక్కడా అతుకు లేదు. ఇరవై ఏళ్ళ సంఘం చరిత్రలో ఇలాంటిది ఒక్కటీ చూడలేదని ఒప్పుకున్నాడు, ఇష్టం లేకుండానే.

"గురువుగారి నాణేల్లో ఇది లేదు కదా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

లేదని అతనికి తెలుసు. ఉందని అంటే కాదనే మనిషీ ఆ గదిలో లేడు.

"లేదండి. కొట్టాయన డబ్బాలోది" అన్నాడు చివరికి.

"మాదా సార్?" అని కొట్టాయన దాన్ని తీసుకుని చొక్కా జేబులో వేసుకున్నాడు. ముగ్గురు పెద్దమనుషులు ఒకేసారి కేకపెట్టడంతో బెదిరిపోయి మళ్ళీ తీసి పళ్ళెంలో పెట్టాడు.

ఆదివారం ప్రదర్శన జరిగింది, గురువుగారి ఎనిమిది ఆకులూ ఏవో ఇంకా తేలకుండానే. రెండు వైపుల చుట్టాలూ వచ్చారు. కిటికీ పక్కన, మంచి వెలుతురు పడే బల్ల వెనక కిరాణా కొట్టాయన ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు. గురువుగారి డబ్బా అడుగున ఏమీ రాయకుండా మిగిలిన ఒక ఖాళీ అట్టలో ఆ నాణేన్ని పెట్టి, పైన చిన్న అక్షరాలతో వివరం రాసింది కళ్ళజోళ్ళాయనే. నాణెం గురించి ఏం చెప్పాలో కొట్టాయనకి తెలియదు కాబట్టి, పక్కన నిలబడి వచ్చినవాళ్ళకి ఓపిగ్గా వివరిస్తున్నదీ అతనే.

ఒక పెద్దావిడ అంతా విని, కొట్టాయన వైపు గౌరవంగా చూసి, "మీరు ఎన్నేళ్ళ నుంచి సేకరిస్తున్నారండీ?" అని అడిగింది.

"మొన్న గురువారం నుంచండీ" అన్నాడు కొట్టాయన, ఏ దాపరికమూ లేకుండా.