బావిలోకి దిగిన ఫుట్‌బాల్ క్లబ్బు

1949 ఏప్రిల్ 11, సోమవారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పడమటి గాలి అప్పటికే వెచ్చబడింది. దేవరకొండ కోటగోడ మీద ఎండ సగం దాకా దిగింది. ఎడ్లబండి కొనుక్కొస్తానని ముందురోజు వెళ్లిన మా బావ యాదగిరి, ఆ సమయానికి చంకలో ఫుట్‌బాల్ పెట్టుకుని నడిచి వచ్చాడు.

ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. హైదరాబాదు ఆడపిల్లల కాలేజీలో బీఏ చదువుతూ నేను వేసవి సెలవులకు అక్క ఇంటికి వచ్చి ఉన్నాను. నా చేతికి కొత్త గడియారం ఉంది. కొత్త గడియారం ఉన్నవాళ్లు అవసరం లేకపోయినా టైము చూస్తూనే ఉంటారు.

ఆ బండి ఒక దేశ్‌ముఖ్‌ది. కమ్యూనిస్టు సంఘంవాళ్లకు భయపడి ఆయన రెండేళ్ల కిందటే పట్నం చేరాడు. పోలీసు యాక్షన్ అయిపోయి ఏడు నెలలు గడిచినా తిరిగి రాకుండా, గడీలోని సామాన్లను మునీము చేత ఒక్కొక్కటిగా అమ్మిస్తున్నాడు. బావ వెళ్లేసరికి బండి అమ్ముడుపోయింది. మిగిలినవి రెండే: ఒక ఏనుగు అంబారీ, ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. అంబారీకి ఏనుగు కావాలి, క్లబ్బుకు మనుషులు చాలు అని బావ ఆలోచించాడు. అందులో తర్కం లేదని అనలేం.

క్లబ్బు అంటే ఒక బంతి, ఒక ఈల, వెండిపూత పోయిన ఒక కప్పు, పదిమంది పేర్లు రాసిన ఒక కాగితం.

ఖాళీ బిందెతో గడపలో నిలబడిన మా అక్క కౌసల్య బంతి వైపు చూసింది.

"బండేదయ్యా?"

"బండి ఎవ్వడన్న కొంటడు కౌసల్యా. జిల్లాల క్లబ్బు కొన్నోన్ని నేనొక్కన్నే."

"నీసొంటోడు ఇంకొకడు దొరకలేదన్నట్టు."

అక్క చేతిలోని బిందె ఎందుకు ఖాళీగా ఉందో ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదంతా దాని నుంచే పుట్టింది. పెరటి బావిలో ఆ రోజు నీళ్లు ఆరంగుళాలు. నేనే కొలిచాను. అడుగున బండ పడింది. దాన్ని పగలగొట్టి రెండు నిలువుల లోతు దింపితే తప్ప ఊట అందదు. అందాకా కోట కింది ఊటబావి నుంచి రోజుకు ఐదు బిందెలు అక్క మోసుకురావాలి. ఆముదాలు అమ్మగా వచ్చిన వెయ్యి నిజాం హాలీ రూపాయలు బావి కోసమే పెట్టెలో ఉన్నాయి.

బావ ఇప్పుడు ఆ పెట్టె వైపే చూస్తున్నాడు.

ఆయన పథకం పెద్దది. మే 22న పాలమూరు జట్టుతో దేవరకొండలో మ్యాచ్. దానికోసం సికింద్రాబాదు రైల్వే క్వార్టర్ల నుంచి యోహాను అనే సెంటర్ ఫార్వర్డ్‌ను రప్పిస్తాడు. మిగతా పదిమందికి రోజుకూలి ఇస్తాడు. గెలిచిన కప్పు మన అరుగు మీద ఉంటుంది. ఆ కప్పు ఇప్పటికే మన అరుగు మీద ఉంది కదా అని నేను గుర్తుచేస్తే, గెలిచి పెట్టుకోవడం వేరన్నాడు.

"బావి యాడికి పోతదే? వచ్చే ఏడు తవ్వుదాం."

"బావి యాడికీ పోదు. నీళ్లే పోయినయి."

రెండు రోజులు ఈ సంవాదం సాగింది. ఈలోగా ఊళ్లో ఒక మాట పుట్టింది: క్లబ్బు పేరు చెప్పి యాదగిరి పైసలు తానే మింగుతాడని. పైసలు మింగడం కాదు కదా, దాచడం కూడా చేతకాని మా బావకు ఈ నింద ఎక్కడలేని బాధ కలిగించింది. వెంటనే కరపత్రం వేయించాలన్నాడు. రాసే పని నాకు అప్పగించాడు.

అక్క కందులు చెరుగుతూ, తల ఎత్తకుండా, రెండు మాటలు చేర్చమంది. నేను వాటికి అచ్చుకు తగిన భాష కూర్చాను: "యజమానియు ఆటగాండ్రును ఒక్క కుటుంబమువారు. క్లబ్బుకై కేటాయించిన వెయ్యి రూపాయలును ఆటగాండ్ర చేతికే ఇయ్యబడును. అన్యులకు పైసయు ముట్టదు. పంపకము యజమాని ధర్మపత్ని చేతులమీదుగా జరుగును."

బావ దాన్ని మూడుసార్లు చదివించుకుని, నల్లగొండలో రెండు వందల ప్రతులు అచ్చు వేయించి, అంగడి రోజున డప్పు కొట్టించి మరీ పంచాడు. అక్క అంత సులువుగా ఒప్పుకోవడం ఆయనకు ఆనందం కలిగించింది. నాకు అనుమానం కలిగించింది.

దేశ్‌ముఖ్ దొర కాలంలో, కాగితం మీది ఆ పదిమంది వెట్టికి ఆడినవాళ్లు. దొర అతిథులు సుష్టుగా తిని వసారాలో కూర్చుంటే, ఆ తిన్నది అరిగేలా వీళ్లు ఉరికేవారు. వాళ్లలో పెద్దవాడు జంగయ్య. కరపత్రం ఎవరిచేతనో చదివించుకుని మా అరుగు దగ్గరికి వచ్చాడు.

"పటేలా, వెట్టి పోయింది. ఉత్తగ ఉరుకుడు గూడ పోయింది."

"ఉత్తగ ఎవడు ఉరకమన్నడు? కూలి ఇస్తనని అచ్చే ఏపిస్తి."

"గందుకే వచ్చినం."

యోహాను శుక్రవారం బస్సులో దిగాడు. ఆరడుగుల మనిషి, ఇనుప పెట్టె, గుడ్డలో చుట్టిన బూట్లు. పొద్దున రెండు కోడిగుడ్లు, సాయంత్రం వేడినీళ్ల స్నానం తన షరతులని బావతో చెప్పాడు. అక్క లోపలి నుంచే జవాబిచ్చింది: "గుడ్లు ఎన్నన్న ఉడకవెడ్త. నీళ్లు మాత్రం చెంబెడు."

సెంటర్ ఫార్వర్డ్ ఆ చెంబుతోనే సరిపెట్టుకున్నాడు.

మర్నాడు కోట కింది మైదానంలో తొలి సాధన. బావ ఈల ఊదాడు. పదకొండు మంది వరుసగా పరుగెత్తారు. ఆ రోజుల్లో చుట్టుపక్కల అడవుల్లో దళాలు ఇంకా తిరుగుతుండేవి, ఊరిబయట మిలిటరీ క్యాంపు ఉండేది. ఈల వింటూనే, వరుసలో ఉరికే పదకొండు మందిని చూస్తూనే, క్యాంపు నుంచి రెండు జీపులు వచ్చాయి.

వ్యవహారం అంతటితో ఆగేదే. కానీ బావ జేబులో ఒక కాగితం దొరికింది. అందులో మైదానం పటం, పదకొండు ఇంటూ గుర్తులు, శత్రువు మీదికి ఎటు నుంచి ఎవరు చొరబడాలో చూపే బాణాలు ఉన్నాయి. దాన్ని బావ రాత్రంతా కూర్చుని గీశాడు. బాణాలు చాలా స్పష్టంగా ఉన్నాయి.

మధ్యాహ్నం దాకా పదకొండు మందినీ యజమానితో సహా చింతచెట్టు కింద కూర్చోబెట్టారు. చివరికి జంగయ్య లేచి, బంతిని తలతో పదిసార్లు ఎగరేసి చూపిస్తే గాని ఆఫీసరుకు నమ్మకం కుదరలేదు. వదిలేస్తూ ఆయన ఒక ఆజ్ఞ జారీచేశాడు: ఐదుగురికి మించి ఎక్కడా గుమికూడరాదు. పొలం పనికి, బావి పనికి మాత్రం అడిగితే అనుమతి చిట్టీ ఇవ్వబడుతుంది.

ఐదుగురితో సాధన చేయిస్తే ఎలా ఉంటుందని బావ సాయంత్రమంతా ఆలోచించాడు. గోల్‌కీపర్‌ను పక్కనపెడితే నలుగురు. వాళ్లను ఇటు ఇద్దరు, అటు ఇద్దరుగా పంచితే అది ఫుట్‌బాల్ కాదు, దాగుడుమూతలు.

మర్నాడు ఎనిమిదింటికి అక్క నన్ను వెంటబెట్టుకుని క్యాంపుకు నడిచింది. ఆఫీసరుకు తెలుగు రాదు, అక్కకు ఇంగ్లీషు రాదు, కాబట్టి మాటలు నా మీదుగా నడిచాయి. ఏం పని అని ఆయన అడిగాడు. బావి పని. ఎంతమంది? పదకొండు మంది. ఎన్నాళ్లు? నీళ్లు పడేదాకా. ఆయన సంతకం పెట్టాడు. నేను ఒక్క అబద్ధాన్ని కూడా అనువదించలేదని ఇప్పటికీ చెప్పగలను.

చిట్టీ చూసిన బావ ముఖం ఎర్రబడింది.

"అవి ఆటగాళ్ల పైసలే!"

"ఆటగాళ్ల చేతికే ఇస్తున్న. నువ్వు అచ్చేపిచ్చినట్టే."

"వాళ్లు ఆడాలె గదనే."

"ఆడుమను. పదకొండు మంది ఒక్కకాడ నిలవడాల్నంటే చిట్టీ గావాలె. చిట్టీ బావికుంది."

బావ నా వైపు తిరిగాడు. మరదలి మాట ఆయన కాస్త వింటాడు. తట్టలు అందించుకోవడం కూడా ఒక సాధనేనని, దాని వల్ల జట్టులో పొందిక పెరుగుతుందని, కాళ్లకు బలం వస్తుందని శాస్త్రీయంగా నచ్చజెప్పాను. ఆ మాట అన్నందుకు తర్వాత చింతించాను.

బావి ఒడ్డున నిలబడి జంగయ్య గడ్డపార ఎత్తలేదు.

"తవ్వుతం పటేలా. నీళ్లు పడ్డంక మా ఇండ్లోళ్లు గూడ ఈడనే చేదుకుంటరు. ఆ మాట జెప్పు, దిగుతం."

అంటరానివాళ్లని దూరం పెట్టిన జంగయ్య వాడవాళ్లు అప్పటిదాకా ఆ వీధి బావుల్లో చేద వేసి ఎరుగరు. బావ గోడ అవతలి ఇరుగుపొరుగు వైపు చూశాడు, నేల వైపు చూశాడు. అక్క వంటింట్లోంచి కరపత్రం తెచ్చి ఆయన చేతిలో పెట్టి, మొదటి వాక్యం మీద వేలు ఆనించింది. ఒక్క కుటుంబమువారు. ఆ వాక్యం అంగడిలో డప్పుతో చాటింపు అయినదే.

"చేదుకోండ్రి," అన్నాడు బావ. తర్వాత ఇరుగుపొరుగు అడిగితే, క్లబ్బు నియమమని చెప్పేవాడు.

యోహాను రెండు రోజులు బూట్లు వేసుకుని గట్టు మీద కూర్చుని, తాను సెంటర్ ఫార్వర్డ్‌నని అందరికీ గుర్తుచేశాడు. మూడోనాడు బండ మీద జంగయ్య వేస్తున్న సమ్మెట దెబ్బలు చూడలేకపోయాడు. రైల్వే కంకర క్వారీలో పనిచేసిన తండ్రి కొడుకు ఆయన. "ఎటువడితే అటు కొడితె పగులతదా? బండ నార ఎటువోయిందో జూసి కొట్టాలె," అంటూ బూట్లు విప్పి, గిలక తాడు పట్టుకుని లోపలికి దిగాడు. ఆ బూట్లు మళ్లీ మ్యాచ్ రోజు దాకా గట్టు దిగలేదు.

మే 17, మంగళవారం, పదకొండు గంటల పది నిమిషాలకు బండ చీలి ఊట ఎగజిమ్మింది. మొదటి చేద జంగయ్య తల్లి ఈదమ్మ వేసింది. రెండో చేద అక్క వేసింది. పక్కింటివాళ్లు ఒక పూట అలిగి, సాయంత్రానికి బిందెలతో వచ్చారు. క్యాంపు నీళ్లపీపా కూడా మా గిలక కిందికే వచ్చింది కాబట్టి, ఆదివారం మ్యాచ్‌కు చిట్టీ అడగగానే దొరికింది.

వెయ్యిలో మిగిలింది ఒక సున్నం బస్తాకు సరిపోయేంత. నెలంతా ఆటగాళ్లు బంతిని తాకలేదు.

మ్యాచ్‌కు బావ షేర్వానీ తొడుక్కున్నాడు. పదో నిమిషంలో పాలమూరు వాళ్ల బంతి ఎత్తుగా మా గోలు ముందుకు వచ్చింది. జంగయ్య దాన్ని రెండు చేతులతో ఒడిసిపట్టి, పక్కనున్న ఐలేశానికి అందించాడు. ఐలేశం ఏసోబుకు అందించాడు. అలా చేతుల మీదుగా నడిచి, బంతి తట్టెడు మట్టి మాదిరిగా గీత అవతల పడింది. పెనాల్టీ ఇవ్వడానికి ముందు, అంత క్రమబద్ధమైన తప్పును చూసి రెఫరీ కూడా కొంతసేపు ఈల మరిచాడు.

ఇటువంటి పెనాల్టీలు మొత్తం నాలుగు. పొందిక విషయంలో నేను చెప్పింది అక్షరాలా నిజమైంది. నాలుగు-ఒకటితో ఓడాం. ఆ ఒక్కటీ యోహానుది.

ఆట తర్వాత పాలమూరు జట్టు కెప్టెన్ మా గిలక దగ్గర మూడు చెంబులు తాగి మూతి తుడుచుకున్నాడు. ఇంత తియ్యటి నీళ్లు తమ దిక్కు లేవని, ఈ బావి ఎవరు తవ్వించారని అడిగాడు. బావ అక్క వైపు చూశాడు. అక్క చేదతాడును ఎంతో శ్రద్ధగా చుట్ట చుడుతోంది.

"మా క్లబ్బు," అన్నాడు బావ మెల్లగా.

అందరూ వెళ్లాక అక్క అడిగింది: "వచ్చే మ్యాచ్‌కు ఎవల్ని కొంటవయ్యా?"

"ఎవల్ని వద్దు గని," బావ షేర్వానీ గుండీలు విప్పుకున్నాడు, "గా బండి సంగతి నువ్వే జూడు."

యోహాను సికింద్రాబాదు తిరిగి వెళ్లలేదు. 1972 కరువు నాటికి దేవరకొండ తాలూకాలో ఆయన తవ్వించిన బావులు నలభై మూడు. మా క్లబ్బు తరఫున కొట్టిన గోల్స్ ఒకటి.