మా హాల్లో బండరాయి

కళ్లకు పెట్టుకునే ఆ వర్చువల్ రియాలిటీ డబ్బా సంసారాలకు పట్టిన శని అని ఎవరైనా అంటే నమ్మకండి. అది వరం! కావాలంటే మా ఇంటికొచ్చి చూడండి.

మాది పన్నెండడుగుల హాలు. ఆ డబ్బా ముందు హాలంతా కొలుచుకుంటుంది. తర్వాత ఉన్నవాటిని ఉన్నచోటే ఉంచి అడవిని అల్లేస్తుంది. మా బీరువా కొండ అయింది. బట్టలారేసే స్టాండు వెదురుపొద అయింది. గోడమీద చెమ్మ మరక జలపాతమైంది. అద్దెకిచ్చిన ఇంటి ఓనర్లెవరైనా ఇంత త్వరగా రిపేరు చేయించారా చెప్పండి!

కుర్చీలో పోగుపడ్డ ఉతికిన బట్టలు ఇప్పుడు పూలగుట్ట. రెండు వారాలుగా ఎవరూ మడతపెట్టలేదు. పూలగుట్టను ఎవరైనా మడతపెడతారా?

ఇక నా సంగతి. కొలిచేటప్పుడు గదిలో మనుషులు ఉండకూడదట. మా ఆవిడా, నాలుగో తరగతి చదివే మా అమ్మాయీ బయటికెళ్లారు.

"ఏవండీ, రెండే రెండు నిమిషాలు, కాస్త లేవండి" అంది మా ఆవిడ గుమ్మం బయటినుంచి.

"ఆఁ, ఆఁ" అన్నాను ఫోన్ చూసుకుంటూ. లేవలేదు.

అంతే! సోఫా ఎడమ మూల, మూరెడు నాచుతో ఓ బండరాయి వెలిసింది. అది నేనే.

మొదట ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే ఇంతకన్నా సుఖం ఏముంది? బండరాయిని కూరగాయలకు పంపరు. బండరాయిని గ్యాస్ ఎప్పుడు బుక్ చేశారని నిలదీయరు. ఎంత హోదా!

మొన్న సాయంత్రం మా అమ్మాయి ఆ డబ్బా పెట్టుకుని, తడుముకుంటూ వచ్చి నా పక్కన కూర్చుంది. నా మోకాలి మీద చెయ్యేసి మొదలుపెట్టింది. బళ్లో తన పక్కన కూర్చునే పిల్ల గురించి. ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడే పిల్ల, అరగంట ఆపకుండా చెప్పింది. మధ్యలో ఓసారి గొంతు వణికింది కూడా.

"ఇదంతా రాయికెందుకే? నేనిక్కడే ఉన్నాగా!" అన్నాను.

"తెలుసు నాన్నా. కానీ ఇందులో నీ చేతిలో ఫోను కనబడదు. వింటున్నట్టే ఉంటావు" అంది.

చూశారా! తొమ్మిదేళ్లుగా నావల్ల కానిది ఆ డబ్బా ఒక్క పూటలో చేసింది. ఉన్నవాణ్ణి ఉన్నచోటే ఉంచి మంచి తండ్రిని చేసేసింది. వరమని ఊరికే అన్నానా?

నిన్న మా ఆవిడ మళ్లీ కొలుద్దాం లేవమంది. ససేమిరా అన్నాను.

ఒక్కటే బాధ. ఆ పక్క పిల్ల బెంచీ మారిందో, బడే మారిందో నాకు తెలియదు. మా అమ్మాయి గొంతు ఎందుకు వణికిందో అసలే తెలియదు. అప్పుడు కూడా ఫోను నా చేతిలోనే ఉంది. పోనీ మళ్లీ అడుగుదామా అంటే, విననే లేదని దానికి తెలిసిపోతుంది.