అక్‌షగిల్ రేవులో డీజిల్ యుగాంతం

మానవ చరిత్రలో డీజిల్ యుగం మొన్న శుక్రవారం ఉదయం పదింటికి, కాస్పియన్ ఒడ్డున అక్‌షగిల్ రేవు మూడో గేటు లోపల, ఉత్తర్వు నంబరు 117 ప్రకారం ముగిసింది. (గురువారమే ముగియాల్సింది. సంతకం పెట్టే ఆయనకు పంటినొప్పి రావడంతో యుగాన్ని ఒకరోజు పొడిగించారు.) కంటెయినర్లు లాగే ముప్పై ఎనిమిది పాత ట్రాక్టర్లను గోడ బయట వరసగా నిలబెట్టేశారు. వాటి బదులు ఒక్క విద్యుత్ ట్రాక్టరు వచ్చింది. మిగతా ముప్పై ఏడూ సూత్రప్రాయంగా వచ్చేసినట్టేనని హరిత పరివర్తన విభాగం ప్రకటించింది.

వచ్చిన ఆ ఒక్కదాని సీట్లో ఊల్మెకెన్ కూర్చుంది. ఇరవై మూడేళ్ళుగా రేవులో బండి తోలుతున్న మనిషి, అందరికీ అపా, అంటే పెద్దక్క. ఓడను తాళ్ళతో కట్టేసేలోపు ఆవిడ టీ తాగి, ఇద్దరిని తిట్టి, బండిని క్రేను కిందికి చేర్చేస్తుంది. ఆ చురుకు చూసే, సాయంత్రం నాలుగింటికి ఇంట్లో మనవరాలు ఇంజుకి జరిగే తుసావ్‌కెసెర్ వేడుకలో దారం కోసే పని ఆవిడకి అప్పజెప్పారు. అడుగులు మొదలెట్టిన బిడ్డ కాళ్ళకి నలుపు తెలుపు దారం కట్టి కోయిస్తారు కదా, కోసిన మనిషి నడకే బిడ్డకి వస్తుంది. ఊల్మెకెన్ వేళకి రాకపోతే కోసేది వియ్యపురాలు. ఆ మాట వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ ఒక్కసారి దగ్గారు. (ఆవిడ గదిలోంచి భోజనాల బల్ల దాకా వచ్చేలోపు టీ నీళ్ళ సమోవర్‌ని రెండుసార్లు మరిగించాలి.)

చిక్కల్లా ఏమిటంటే, హరిత పరివర్తన విభాగం కూడా అదే రోజు తుసావ్‌కెసెర్ పెట్టుకుంది. ట్రాక్టరుకి. తొలి అడుగు వేయబోయే బండి కాబట్టి ముందు చక్రాలు రెంటికీ పట్టుదారం చుట్టాలనీ, దాన్ని శుద్ధ చలన ప్రధాన పర్యవేక్షకులవారు తప్ప అన్యులు ముట్టరాదనీ 117లో ఉంది.

"ఇంతకీ ఆయనేరీ?" అడిగింది ఊల్మెకెన్, పదకొండింటికి ఒకసారి, ఒంటిగంటకి ఇంకోసారి.

"దారిలో ఉన్నారు అపా," అన్నాడు విభాగాధిపతి నూర్‌దౌలెత్, ఆకుపచ్చ టై సర్దుకుంటూ. "విద్యుత్ కారులోనే బయల్దేరారు. ఆదర్శంగా ఉండాలి కదా."

"ఏ దారిలో నాయనా?"

"అరవై కిలోమీటర్ల అవతల, టీ కొట్టు దగ్గర. ఛార్జింగ్ పెట్టారు. కొట్టుకి ఉన్నది ఒకటే ప్లగ్గు. ఒంటెపాల ఫ్రిజ్‌కీ అదే. పాలు వేడెక్కిపోతున్నాయని ముసలమ్మ మాటిమాటికీ కారు వైరు పీకేస్తోందట."

"జీపు పంపించి తెప్పించు."

"జీపు డీజిల్‌ది అపా. యుగం ముగిసింది కదా!"

"అయితే నేను ఇంటికెళ్ళి మనవరాలి దారం కోసి అరగంటలో వచ్చేస్తా."

"అమ్మో, దిగకండి!" అని నూర్‌దౌలెత్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. సీటు ఖాళీ అయితే బండి నిద్రపోతుంది. లేపాలంటే రహస్య సంఖ్య కావాలి. అది తెలిసిన ఇంజనీరు సెలవు మీద తన దేశం వెళ్ళిపోయాడు. బండిని నిద్రపుచ్చిన డ్రైవరుని ఎడారిలోని ఉప్పు యార్డుకి బదిలీ చేయాలని 117కి నాలుగో అనుబంధం.

ఊల్మెకెన్ కూర్చుంది. రెండున్నరకి బ్యాటరీ పదకొండు శాతానికి పడిపోయింది, బండి అంగుళం కదలకుండానే. (మీరు కాపాడిన గాలికి కృతజ్ఞతలు అంటూ తెర మీద పొద్దున్నుంచీ ఒక పువ్వు పూస్తోంది. దానికీ కరెంటు కావాలి.) ఛార్జింగ్ స్తంభం పక్కనే ఉంది, దాని కనెక్షను పరిశీలనలో ఉంది. అందాకా గేటు బయట డీజిల్ జనరేటరు పెట్టి గోడ మీంచి వైరు లాగారు. పొగ గోడకి అవతలిది కాబట్టి లెక్కలోకి రాదు. జనరేటరులో డీజిల్ అయిపోయింది. తెచ్చే లారీకి రేవు రోడ్డు మీద నిషేధం ఉంది కనుక, డబ్బాలు ఒంటె మీద తెప్పించారు.

రేవు రోడ్డు కూడా తన కిందే కాబట్టి, గేటు కాపలాదారు ఓరాజ్ ఒంటెను ఆపి ఫారం తీశాడు.

"ఇంధనం?"

"ముళ్ళకంప," అన్నాడు ఒంటె యజమాని.

"పొగ?"

"ముందు వైపు నుంచి లేదు."

ఓరాజ్ నిజాయితీపరుడు. వెనక్కి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చి, పూర్తి పరీక్ష జరిగేదాకా ఒంటెకు అనుమతి లేదని రాసేశాడు.

మూడున్నరకి ఊల్మెకెన్ కోడలికి ఫోన్ చేసింది. "జాదిరా, మీ అమ్మ కత్తెర పట్టుకుందా?"

"పట్టుకుందామని లేచింది అత్తయ్యా. ఇంకా లేస్తూనే ఉంది."

"అయ్యో తల్లీ! పిల్లనెత్తుకుని ఇటు పరిగెత్తు. కత్తెర తీసుకురా."

చుట్టాలందరితో సహా జాదిరా పది నిమిషాల్లో గేటు దగ్గరుంది. చంకలో ఏడాది బిడ్డ, కాళ్ళకి దారం. పిల్లలకి ప్రవేశం లేదు, వాహనాలకే ఉంది. ఓరాజ్‌కీ మనవలున్నారు. తల గోక్కున్నాడు.

"నడుస్తుందా?"

"ఇవాళే మొదలు ఓరాజ్ ఆగా."

"అయితే వాహనమే," అని ఫారం తీశాడు. చక్రాలు, లేవు. ఇంధనం, పాలు. పొగ అన్న చోట వంగి వాసన చూసి, అటూ ఇటూ చూసి, లేదు అని రాశాడు. జాదిరా పిల్ల గుడ్డ సర్ది, లోపలికి వచ్చి బిడ్డని బండి పక్కన నిలబెట్టింది.

ఊల్మెకెన్ ఒక తుంటి సీటుకి అదిమిపెట్టి, తలుపులోంచి కిందికి వేలాడి, కత్తెర చాచింది. జానెడు అందలేదు.

"అపా, ఉప్పు యార్డు!" అన్నాడు నూర్‌దౌలెత్.

"ఉప్పు తక్కువ తినలేదులే నేను," అని దూకేసింది ఊల్మెకెన్. బండి చిన్న జోలపాటేదో వినిపించి నిద్రపోయింది. కత్తెర ఆడింది, దారం తెగింది, జాదిరా గుప్పెడు మిఠాయిలు గాల్లోకి విసిరింది. ఇంజు వంగి ఒక చాక్లెట్టు ఏరుకుని, నాలుగు మీటర్లు ఏకబిగిన పరిగెత్తి నూర్‌దౌలెత్ మోకాళ్ళకి గుద్దుకుంది. ఊల్మెకెన్ కళ్ళు తుడుచుకుంటూ పగలబడి నవ్వింది. ఇరవై మూడేళ్ళలో రేవులో ఆవిడకి ఇంత సంతోషం కలగలేదు.

సాయంత్రం నివేదిక పైకి వెళ్ళింది. గేటు లోపల సొంత శక్తితో, పొగ లేకుండా సాగిన రవాణా నాలుగు మీటర్లు. సరుకు ఒక చాక్లెట్టు (దారిలో సగం తరుగు). తొలిరోజు లక్ష్యానికి ఎవరూ అంకె వేయలేదు కనుక నూరు శాతం సాధించినట్టు నమోదైంది. పర్యవేక్షకులవారు టీ కొట్టు నుంచే అభినందనలు పంపారు.

నాలుగో అనుబంధం ప్రకారం ఊల్మెకెన్‌ను ఉప్పు యార్డుకి బదిలీ చేశారు. లక్ష్యం సాధించిన, పాలతో నడిచే వాహనాన్ని మాత్రం సోమవారం ఉదయం ఎనిమిదింటికి డ్యూటీలో చేరమంటూ ఇంటికి కాగితం పంపారు.